చళిబొ ఆగ్యా!

గుళ్లో అఖండదీపం నూనె అయిపోతే కొండెక్కుతుంది. మా కారు డాష్‌బోర్డు మీది ఎర్రటి బ్రేకు దీపం నూనె తగ్గితే వెలుగుతుంది. తేడా అంతే, మా భక్తిలో లోటేమీ లేదు. ఏడు నెలలు దాన్ని కంటికి రెప్పలా కాపాడుకున్నాం.

బండి 2006 మోడల్. నంబరు ప్లేటు మీద ఇంకా ఓఆర్ 07 అనే ఉంది. రాష్ట్రం పేరు 2011లో ఒరిస్సా పోయి ఒడిశా అయింది, తర్వాత కొన్న బళ్లకు ఓడీ వచ్చింది, మాది మాత్రం పాత పేరు మీదే తిరుగుతోంది. బరంపురం తెలుగువాళ్లకు ఇదేం కొత్త కాదు. 1936 మార్చి 31 రాత్రి మద్రాసు ప్రెసిడెన్సీలో పడుకున్న మా తాతలు తెల్లారేసరికి ఒరిస్సాలో లేచారు. అప్పుడు వాళ్లకు ఏ దీపం వెలిగి చెప్పింది గనక?

దీపం కొండెక్కడమంటే ఆరిపోవడం. మాది మాత్రం కారు కొండెక్కినప్పుడే వెలిగింది. తప్తపాణి వేడినీళ్ల గుండానికి బయల్దేరాం. నేను, మా ఆవిడ, అత్తయ్య, ఇచ్ఛాపురం బావ. దిగపహండి దాటి ఘాట్ మొదలై బండి ముక్కు పైకెత్తగానే దీపం వెలిగింది. మలుపులో ఆరింది. మళ్లీ వెలిగింది.

"ఒడిశా రోడ్లు కదా బావా, కుదుపుకి ఏదో వైరు కదిలుంటుంది" అన్నాడు బావ. కిందటి నెల వాళ్ల ఊళ్లో ఇదే కారు గుంతలో పడితే ఆంధ్రా రోడ్ల మీద నేను ఇచ్చిన తీర్పు కూడా అక్షరాలా ఇదే. సరిహద్దు వల్ల ఉన్న సుఖం అది. తప్పు ఎప్పుడూ అవతల పక్కే దొరుకుతుంది.

"హ్యాండ్‌బ్రేకు దించావా నాయనా?" అంది అత్తయ్య. ఆవిడ స్టీరింగు ముట్టుకున్న పాపాన పోలేదు గానీ, ఆ రోజు కారులో తెలివైన మాట అదొక్కటే. ఇలాంటి పాత బళ్లలో ఒకే బల్బుకు రెండు డ్యూటీలు ఉంటాయి. హ్యాండ్‌బ్రేకు లాగి ఉన్నా అదే వెలుగుతుంది, బ్రేక్ ఆయిల్ తగ్గినా అదే వెలుగుతుంది. హ్యాండ్‌బ్రేకు పూర్తిగా దించాక కూడా దీపం ఆరలేదంటే, దాని కింది స్విచ్ అయినా ఇరుక్కుపోయి ఉండాలి, బానెట్ కింద సంగతైనా చూసుకోవాలి. నేను నాలుగుసార్లు లాగి దించాను. ఆరలేదు. అయిదోసారి కూడా లాగాను. ప్రయత్న లోపం ఉండకూడదని.

పైన రోడ్డు పక్కన ఒక మెకానిక్ దొరికాడు. బానెట్ ఎత్తాడు, లోపలికి ఒకసారి చూశాడు, దించాడు. "చళిబొ ఆగ్యా."

ఈ మాట గురించి కొంచెం చెప్పాలి. చళిబొ అంటే నడుస్తుంది అని. బండి నడుస్తుంది, పని నడుస్తుంది, ఇలాగే నడిచిపోతుంది అని కూడా. మన "నడిచిపోద్దిలే" కి సొంత అన్నదమ్ముడు. పక్కన ఆగ్యా చేరిందంటే మర్యాద కూడా కలిసినట్టే, ఇంక కాదనే మొహం ఎవరికుంటుంది? ఇన్నేళ్లుగా రెండు భాషలూ మాట్లాడుతున్న నాకు, బ్రేకుల గురించి అడిగిన మనిషికి "నడుస్తుంది" అనే జవాబు ఎలా సరిపోతుందో ఆ పూట తట్టలేదు. నడుస్తుందని నాకూ తెలుసు, నడుపుకుంటూనే వచ్చాను. ఆగుతుందా అన్నది కదా ప్రశ్న! "ఆగిపోద్దిలే" అని ఎవరైనా ధైర్యం చెప్పగా మీరెప్పుడైనా విన్నారా?

దిగేటప్పుడు సెకండ్ గేర్‌లో వదిలి ఇంజనుతో వేగం ఆపుకోవాలి. నేను పెట్రోలు ఆదా అని ఫోర్త్‌లో వేసి, బ్రేకు మీద కాలు తియ్యకుండా దిగాను. సగం దూరంలో కాలిన వాసన. పెడల్ మెత్తగా, పీర్చుకుపోయిన దిండులా లోపలికి దిగింది. అత్తయ్య కళ్లు మూసుకుని ఏదో చదవడం మొదలుపెట్టింది.

దాని గుట్టు తర్వాత తెలిసింది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 3 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు. నూటికి మూడున్నర పాళ్లు పైగా నీరు చేరితే 140కే మరుగుతుంది. మరిగితే ఆవిరి, ఆవిరిని ఎంత తొక్కినా నొక్కుకుపోవడమే తప్ప బ్రేకు పట్టదు. అంటే పైన గుండంలో ఒక తప్తపాణి, నా చక్రాల్లో నాలుగు. దర్శనానికి అంత దూరం పోనక్కర్లేకపోయింది.

ఇంటికొచ్చాక శాశ్వత పరిష్కారం ఆలోచించాం. నల్ల టేపు వేద్దామన్నాడు బావ. అశుభమని మా ఆవిడ ఒప్పుకోలేదు. చివరికి దీపం మీద జగన్నాథుడి స్టిక్కర్ అంటించాం. రాత్రిపూట నడిపితే ఆ గుండ్రటి కళ్ల వెనక ఎర్రగా వెలుగు కనిపించేది. ఏడు నెలలు ఆయనే చూసుకున్నాడు.

మొన్న టైరు మార్చడానికి షెడ్డుకి వెళ్తే ఒక కుర్రాడు అడక్కుండానే బానెట్ ఎత్తాడు. బ్రేక్ ఆయిల్ డబ్బా పసుపుపచ్చగా మాగిపోయి లోపల ఎంతుందో కనపడ్డంలేదు. వాడు పక్కనుంచి టార్చి కొట్టి, కారుని భుజంతో ఊపాడు. లోపల కాఫీ డికాషన్ లాంటిది అడుగున ఊగింది, మినిమమ్ గీతకు కింద. మూతకు వేలాడే బెండు కూడా దానితో పాటే కిందికి జారింది. ఎత్తు ఎక్కితే ఆయిల్ ఒక పక్కకు ఒరిగి బెండు దిగుతుంది, దీపం వెలుగుతుంది. ఒడిశా రోడ్డుకీ ఆంధ్రా రోడ్డుకీ ఏ సంబంధమూ లేదు.

"పోసెయ్యి మరి" అన్నాను.

పొయ్యనన్నాడు. బ్రేకు ప్యాడ్లు అరిగితే వాటిని నొక్కే పిస్టన్లు బయటికి జరుగుతాయి, ఆ ఖాళీలోకి ఆయిల్ దిగి డబ్బాలో మట్టం తగ్గుతుంది. ప్యాడ్లు మారిస్తే మళ్లీ పైకొస్తుంది. ముందే నింపేస్తే అప్పుడు పొంగి కారు రంగు తినేస్తుంది. ప్యాడ్లు బాగున్నా మట్టం తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. మాకు రెండు వరాలూ దక్కాయి. ముందు ప్యాడ్లు రేకు దాకా వచ్చేశాయి, వెనక ఎడమ డ్రమ్ము విప్పితే వీల్ సిలిండర్ కారి బ్రేక్ షూ తడిసి ఉంది.

"ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాలి సార్. ఎప్పుడు మార్చారు?"

రెండేళ్లకోసారి బుఢీ ఠాకురాణి యాత్ర వస్తుంది మా ఊళ్లో. అమ్మవారు పుట్టింటికి వస్తే ఊరు ఊరంతా కదులుతుంది, ఒక్క ఏడు మర్చిపోయిన వాళ్లు లేరు. ఆయిల్‌కి కూడా ఒక ఊరేగింపు, నాలుగు డప్పులు ఏర్పాటు చేసి ఉంటే నాకూ గుర్తుండేది. కారు కొన్నాక జరిగిన యాత్రలు లెక్కపెట్టి, సిగ్గుపడి, "ఈమధ్యే" అన్నాను. వాడు ఆ డికాషన్ వంక చూశాడు గానీ ఏమీ అనలేదు.

దీపం ఆరింది. స్టిక్కర్ అలాగే ఉంచాం, దేవుణ్ణి పీకడం బాగుండదని. ఈ వారం దాని పక్కనే ఇంజన్ బొమ్మతో ఇంకోటి వెలిగింది. పసుపు రంగు. మంగళకరమంది అత్తయ్య.