ఆ రాత మీద గ్రైండర్ పెట్టకండి

మా నాయిన 1967 మోడల్ అంబాసిడర్ మార్క్ 2ను నల్లగొండ నుంచి దేవరకొండకు కిరాయికి తిప్పేవాడు. ఆ బండిని మళ్లీ రోడ్డెక్కించాలని రెండేళ్లుగా పాత సామాను కొట్లు తిరుగుతున్నా. పోయిన నెల డైనమో కోసం ఒక కొట్టుకు పోయిన. అక్కడ జరిగింది చెప్పకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు.

కొట్టాయన గోనెసంచిలోంచి ఒక డైనమో తీసి "అన్నా, అసలు ఇంగ్లండు మాల్, 1958ది" అన్నాడు. రేటు మామూలుకు నాలుగింతలు. రుమాలుతో మట్టి తుడిచి చూస్తే 'లూకాస్-టీవీఎస్, మేడిన్ ఇండియా' అని తేటగా ఉంది. మద్రాసులో ఆ కంపెనీ పెట్టిందే 1961లో. పుట్టని కంపెనీ 1958లో డైనమో ఎట్లా చేసిందని అడిగిన. ఆయన తడుముకోలేదు. "గా రాత గ్రైండర్‌తోటి కొట్టేస్తె అయిపాయె. ఎవ్వలికి తెలుస్తదన్నా?"

నా కడుపు మండింది ఆ మాటకే. అంబాసిడర్‌కు మూలం ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3, కాదనను. కానీ మా బండి తయారైంది కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో, హిందుస్తాన్ మోటార్స్ ఫ్యాక్టరీలో. 1967 బండికి మద్రాసు డైనమోనే అసలుది. ఆ రాత దాని జన్మపత్రిక. 'మేడిన్ ఇండియా' అని ఉంటే తక్కువ సరుకు, ఇంగ్లండు అంటే ఎక్కువ సరుకు అనే ఈ మోజు ఎప్పుడు పోతుంది? నిజం చెప్పి సరైన ధర అడిగితే ఆ నిమిషమే కొనేవాణ్ని.

మనసు ఊరుకోక రెండు వారాలకు డబ్బు పట్టుకొని మళ్లీ పోయిన. డైనమో తళతళ మెరుస్తోంది. రాత లేదు. వేలితో తడిమితే ఆ చోట చిన్న గుంట తగిలింది. ఇక అది ఎక్కడిదో ఎవరూ చెప్పలేరు. కొనకుండా వచ్చేసిన.

ఇలాంటివి ఇప్పుడు ఎక్కడ చూసినా ఉన్నాయి. పాలమూరు వైపు పోతే ఏ పాత దీపం చేతికిచ్చినా "గద్వాల సంస్థానం కారుది", లేకపోతే "నిజాం కారుది" అంటారు. మహబూబ్‌నగర్‌కు ఏ నిజాం పేరు పెట్టారో, ఆ ఆరో నిజాం ఆర్డరిచ్చిన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ హైదరాబాద్ చౌమహల్లాలో ఉంది, పోయి చూడండి. దీపం చెప్పే కథ వేరు, అమ్మేవాడు చెప్పే కథ వేరు. అద్దం మీద గుండ్రంలో ఇంగ్లీషు 'E' అక్షరం, పక్కన అంకె ఉందా? అది బండ్ల సామాను ప్రమాణాల మీద 1958లో దేశాలు చేసుకున్న ఒప్పందం తర్వాత వచ్చిన ముద్ర. 1 జర్మనీ, 2 ఫ్రాన్స్, 3 ఇటలీ, 11 ఇంగ్లండు. అది కూడా అనుమతి ఇచ్చిన దేశమే తప్ప తయారుచేసిన దేశం కాకపోవచ్చు. ఆ ముద్ర ఉన్న దీపాన్ని నిజాం కాలానిది అని ఎట్లా అంటారు? రబ్బరు బుడ్డి నొక్కే ఇత్తడి హారన్‌ను 1920 నాటిదంటూ చూపిస్తారు, బిగించింది ప్లస్ స్క్రూలతో. ఆ స్క్రూలు కార్లలోకి వచ్చింది 1936 నుంచే. 'వెస్ట్ జర్మనీ' అని ఉంటే ఆ వస్తువు 1949కీ 1990కీ మధ్యది. దేశం పేరే దాని వయసు చెప్తుంది.

ఇంగ్లండు లూకాస్ సామాన్ల మీద తేదీ అంకెలు కూడా కొట్టేవారు. కొన్నింటి మీద నెల, ఏడాది. కొన్నింటి మీద వారం, ఏడాది. మొదటి అంకె 12 దాటితే అది వారమే. అందుకే మట్టి పట్టిందని ఇసుక కాగితంతో రుద్దకండి. కిరసనాయిలు, పాత పళ్ల బ్రష్షు చాలు. రాత అణిగిపోయి ఉంటే సుద్దపొడి రాసి పైపైన తుడవండి, లేదా చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్దినట్టు రుద్దండి. లేస్తుంది.

రాత లేని చోట చూడీలు, అంటే బోల్టు మీది మరలు, చెప్తాయి. ఇది నాకు నేర్పింది మా మిస్త్రీ చిచ్చా. అంబాసిడర్ ఇంజన్‌కు అర ఇంచు పానా, ఫియట్‌కు 13 నంబరు. అర ఇంచు అంటే 12.7 మిల్లీమీటర్లు, అందుకే 13 పెట్టినా పడుతుంది, తిరుగుతుంది, చివరికి బోల్టు మూలలు గుండ్రమైపోతాయి. "పానా జబర్దస్తీ అడిగిందంటే పార్టు పరాయిది బేటా" అంటాడు చిచ్చా. ఇంకా పాత ఇంగ్లండు కొలత అయిన విట్‌వర్త్ పానా మీది అంకె బోల్టు తల వెడల్పు కాదు, కాడ లావు. దాని చూడీ కోణం 55 డిగ్రీలు. 1948లో బ్రిటన్, అమెరికా, కెనడా కలిసి ఒప్పుకున్న యూనిఫైడ్ చూడీది 60. రెండూ చూడడానికి ఒకేలా ఉంటాయి, బలవంతంగా ఎక్కిస్తే రెండూ చెడతాయి.

ఇదంతా మోజు కోసం కాదు. స్మిత్స్ కంపెనీ స్పీడోమీటర్ డయల్ అడుగున చిన్న అంకెలుంటాయి. మైలుకు కేబుల్ ఎన్ని చుట్లు తిరగాలో అందులో ఉంటుంది. ఆ అంకె చూడకుండా వేరే కారు మీటరు బిగిస్తే బండి ఒక వేగంలో పోతుంటే ముల్లు ఇంకొకటి చూపిస్తుంది. సూర్యాపేట హైవే మీద అట్లాంటి మీటరును నమ్మి బండి నడుపుతారా?

చివరికి డైనమో మా అటక మీదే దొరికింది. నాయిన ఎప్పుడో మార్చి, పారేయకుండా గుడ్డలో చుట్టి పెట్టినదట. కాయిల్ కాలిపోయింది, చిచ్చా మళ్లీ చుట్టిస్తానన్నాడు. పైన నల్లరంగు వేసేటప్పుడు 'మేడిన్ ఇండియా' అన్న చోట టేపు అంటించమని చెప్పిన. నిన్న పోయి చూసి వచ్చిన, అంటించాడు.