గాలిమర రెక్కలను నల్లగొండ సిమెంట్ కిల్న్‌లకు పంపాలి, ఖర్చు కంపెనీలే పెట్టుకోవాలి

జడ్చర్ల, కొత్తకోట మీదుగా కర్నూలు వైపు 44వ నంబర్ జాతీయ రహదారిలో తిరిగేవాళ్లకు గాలిమర రెక్కను మోసుకెళ్లే పొడవాటి ట్రైలర్ కొత్తేమీ కాదు. కొత్తరకం మరకు ఒక్కో రెక్కే అరవై, డెబ్బై మీటర్లు ఉంటుంది. మలుపు దగ్గర ముందూ వెనకా బండ్లు ఆపేసి, ట్రైలర్ వెనక చక్రాలను విడిగా తిప్పుతూ కొంచెం కొంచెంగా జరుపుతారు. ఇంత జాగ్రత్తగా తీసుకెళ్లి నిలబెట్టినదాన్ని ఇరవై, ఇరవై ఐదేళ్లకు దించాక ఏం చేయాలన్నది ఎవరికీ పట్టడం లేదు. దానికి మంచి దారి మన దగ్గరే ఉంది. కృష్ణా ఒడ్డున దామరచర్ల నుంచి మఠంపల్లి, మేళ్లచెరువు దాకా ఉన్న సిమెంట్ ఫ్యాక్టరీలే ఆ దారి.

తెలంగాణలో పవన విద్యుత్ 128 మెగావాట్లు మాత్రమే కాబట్టి ఇది మన సమస్య కాదని అనుకోవద్దు. పక్కనే అనంతపురం, కర్నూలు జిల్లాల కొండలు గాలిమరలతో నిండిపోయాయి. రామగిరిలో 1990ల్లోనే పెట్టారు. పాత చిన్న మరలు తీసేసి వాటి చోట పెద్దవి పెట్టే రీపవరింగ్ విధానాన్ని కేంద్రం 2016లో తెచ్చి 2023లో సవరించింది. ఇక దించడం మొదలైతే ఆగదు. మర బరువులో 85 నుంచి 90 శాతం ఇనుము, రాగి లాంటివే కాబట్టి స్క్రాప్ వ్యాపారి ఎగబడి కొంటాడు. రెక్కను మాత్రం ఊరికే ఇచ్చినా తీసుకోడు.

ఎందుకంటే అందులో అమ్ముకోవడానికి ఏమీ ఉండదు. గాజు నారతో నేసిన బట్టను పొరలు పొరలుగా పరిచి, ఎపాక్సీ లేదా పాలిస్టర్ రెసిన్ అనే జిగురు పట్టిస్తారు. లోపల బల్సా కలప లేదా ఫోమ్ పెడతారు. ఒకసారి గట్టిపడిన ఆ రెసిన్ మళ్లీ కరగదు. రంపంతో కోస్తే లేచే సన్నటి పొడి ఒంటికి తగిలితే దురద, ఊపిరితిత్తుల్లోకి పోతే చేటు. అమెరికాలో వయోమింగ్ రాష్ట్రంలోని క్యాస్పర్ నగరం డంపింగ్ యార్డులో ఈ రెక్కలను ముక్కలుగా కోసి, వరుసగా పేర్చి మట్టి కప్పేశారు. మన దగ్గర అంత పద్ధతిగా కూడా పూడ్చరు. ఏ వాగు గట్టునో, ఏ పాడుబడ్డ క్వారీలోనో పడేసి పోతారు.

సిమెంట్ కిల్న్‌లో, అంటే సిమెంట్ ఫ్యాక్టరీలోని పెద్ద కొలిమిలో జరిగేది చూడండి. సున్నపురాయికి ఇసుక, బంకమట్టి, ఇనుప ఖనిజం లాంటివి కలిపి దాదాపు 1450 డిగ్రీల వేడిలో సిమెంట్‌కు మూలమైన క్లింకర్ గడ్డలు తయారుచేస్తారు. రెక్కలోని గాజు నార అంటే సిలికా, కాల్షియం ఆక్సైడ్, అల్యూమినా. క్లింకర్‌కు కావాల్సినవి సరిగ్గా ఇవే! రెసిన్, కలప మండి కొంత బొగ్గును మిగులుస్తాయి. గాజు క్లింకర్‌లో కలిసిపోతుంది కాబట్టి విడిగా పూడ్చాల్సిన బూడిద కూడా ఉండదు. జర్మనీలో ఈ పని ఏళ్ల తరబడి నడుస్తోంది. అమెరికాలో గాలిమరలు తయారుచేసే జీఈ, వ్యర్థాల పని చూసే వియోలియా సంస్థలు 2020లో ఒప్పందం చేసుకున్నప్పుడు చెప్పిన లెక్క ప్రకారం, రెక్క బరువులో దాదాపు 65 శాతం ముడిసరుకుగా, 28 శాతం ఇంధనంగా పనికొస్తుంది. ఇక చెత్తగా మిగిలేది ఎంత?

ఒక చిక్కు ఉంది. కొన్ని రకాల గాజు నారలో బోరాన్ ఉంటుంది. అది ఎక్కువైతే సిమెంట్ గట్టిపడడం ఆలస్యమవుతుంది. అందుకే ఒకే కిల్న్‌లో గుట్టలుగా పోయడానికి వీల్లేదు, చాలా కిల్న్‌లకు కొద్దికొద్దిగా పంచాలి. మన ప్రాంతానికున్న బలం ఇక్కడే తెలుస్తుంది. ఒకే సున్నపురాయి పట్టీ మీద ఇన్ని ఫ్యాక్టరీలు పక్కపక్కన ఉన్న చోట్లు దేశంలో ఎక్కువ లేవు. బీబీనగర్–నడికుడి రైలు మార్గం దామరచర్ల మండలంలోని విష్ణుపురం మీదుగానే పోతుంది. వ్యర్థాలను కిల్న్‌లో వాడుకోవడానికి 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు దారి ఇచ్చాయి. ఫార్మా వ్యర్థాలు ఇప్పటికే సిమెంట్ కిల్న్‌లకు వెళ్తున్నాయి.

కాల్చడం అసలు రీసైక్లింగే కాదని, నారను నారగా వెనక్కి తీయాలని కొందరు నిపుణులు అంటారు. గాలిమరల తయారీ సంస్థ సీమెన్స్ గమేసా 2021లోనే విడదీయడానికి వీలైన రెసిన్‌తో రెక్క చేసింది. పాత ఎపాక్సీని కూడా రసాయనాలతో విడగొట్టే పద్ధతి ఉందని మరో తయారీ సంస్థ వెస్టాస్ 2023లో ప్రకటించింది. సంతోషమే. కానీ ఆ పద్ధతి మన రాయలసీమ దాకా వచ్చేలోపు దిగే వేల రెక్కలను ఎక్కడ దాచిపెడతారు?

నాకున్న అసలు పట్టుదల డబ్బు గురించి. రెక్కను కోయడానికి, పొడి లేవకుండా నీళ్లు చల్లడానికి, ముక్కలు చేసి తరలించడానికి బోలెడు ఖర్చు. అది ఎవరు పెట్టుకోవాలి? అదే ఫ్యాక్టరీల పక్కనున్న సున్నపురాయి గనిని చూడండి. గని మొదలుపెట్టేవాడు మూసివేత ప్రణాళిక ఇవ్వాలి, హామీ సొమ్ము కూడా కట్టాలి. 2022 నాటి ఈ-వ్యర్థాల నిబంధనలు సోలార్ ప్యానెళ్లను పేరు పెట్టి చేర్చి తయారీదారును బాధ్యుణ్ని చేశాయి. గాలిమర రెక్క విషయంలో అంత గట్టి కట్టడి లేదు. కంపెనీ చేతులు మారిందా, దివాళా తీసిందా, రెక్కతోపాటు భూమిలోని కాంక్రీటు పునాది కూడా లీజుకిచ్చిన రైతు నెత్తినే పడుతుంది.

ఉమ్మడి నల్లగొండ జిల్లాకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. ఫ్లోరైడ్ నేలలో పుట్టిన కష్టం, ఎవరూ తెచ్చిపెట్టింది కాదు. దాని నుంచి బయటపడడానికే తరాలు పట్టింది. చౌటుప్పల్ వైపు రసాయన ఫ్యాక్టరీల పక్కన బోరు నీళ్లు తాగలేకపోతున్నామని ఊళ్లు మొత్తుకోవాల్సి వచ్చింది. దామరచర్ల మండలంలో 4000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ ప్లాంటు పెట్టాం, దాని బూడిదకూ రేపు ఇదే ప్రశ్న వస్తుంది. లాభం హైదరాబాద్‌కో ముంబైకో పోయి, మిగిలిన చెత్త మాత్రం ఊరికి దక్కడం ఇక చాలు.

అందుకే రెక్కలు రావాలంటాను, ఉత్తి చేతులతో మాత్రం రాకూడదు. కోత గాలిమర దగ్గరే అయిపోవాలి. టన్నుకు ఇంత అని ఫ్యాక్టరీకి కట్టాల్సింది మర యజమానే. అందులో కొంత వాటా ఆ ఫ్యాక్టరీ ఉన్న గ్రామ పంచాయతీకి నేరుగా చేరాలి. చిమ్నీ పొగను కొలిచే ఆన్‌లైన్ మీటర్ల రీడింగ్ పంచాయతీ ఆఫీసు ముందు తెర మీద కనబడాలి. రాష్ట్రం 2030 నాటికి మరో 20,000 మెగావాట్ల పునరుత్పాదక విద్యుత్ కావాలని 2025లో విధానం ప్రకటించింది. ఆ విధానం కింద తెలంగాణలో నిలబెట్టే ప్రతి గాలిమరకూ, అనుమతి కాగితం చేతికిచ్చే రోజే కూల్చివేత డిపాజిట్ కట్టించుకోవాలి. పక్క రాష్ట్రం నుంచి వచ్చే రెక్కల సంగతి రెండు రాష్ట్రాల కాలుష్య నియంత్రణ మండళ్లు కూర్చుని తేల్చుకోవాలి. మొదటి లారీ దామరచర్ల చేరకముందే ఆ పని జరగాలి.