ఆటో ట్యూనర్ గారికి, దండెం సాక్షిగా

మహారాజశ్రీ ఆటోమేటిక్ యాంటెన్నా ట్యూనర్ గారి దివ్యసముఖానికి,

మల్కాజిగిరి నుంచి తమ యజమాని, హామ్ రేడియో (సరదాకి వైర్‌లెస్ సెట్టులో దూరాలవాళ్ళతో మాట్లాడే హాబీ) పిచ్చివాడు, రాయునది. యజమాని అంటే డబ్బు కట్టినవాడు, పన్నెండు వోల్టుల వైరు తగిలించినవాడు, వారానికోసారి తమ మీద దుమ్ము తుడిచేవాడు అని మాత్రమే. అంతకుమించి హక్కులేమీ లేవని నిన్ననే తెలిసింది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, ఉభయుల్లో కుశలంగా ఉన్నది తమరొక్కరే. నా మెడ ఎండకి కమిలింది, చూపుడువేలు సోల్డరింగ్ ఐరన్‌కి కాలింది, ఆదివారం మధ్యాహ్నం కాస్తా మేడ మీదే అయిపోయింది. తమ చిన్న తెర మీద మాత్రం 1.1 అన్న అంకె చెక్కుచెదరకుండా వెలుగుతూనే ఉంది.

ఆ 1.1 గురించే ఈ లేఖ. సెట్టుకీ యాంటెన్నాకీ పొత్తు కుదర్చడం తమ పని, అది ఎంత బాగా కుదిరిందో చెప్పేది ఆ అంకె; ఒకటికి ఎంత దగ్గరైతే అంత మంచిది. మిగతావన్నీ ఎప్పుడో క్షమించేశాను. మాన్యువల్ అని చెప్పి నాలుగు మడతల కాగితం మీద చీమ తలకాయంత అక్షరాలు పెట్టడం, కరెంటు పోయి వస్తే నిన్నటిదాకా నేర్చుకున్నదంతా మర్చిపోవడం, ఉన్న ఒక్క బటన్‌నీ కొంచెం నొక్కితే ఒక అర్థం, గట్టిగా నొక్కితే ఇంకో అర్థం చెప్పుకోవడం, ఇవన్నీ పెద్దవాళ్ళ చాదస్తాలు అనుకుని సర్దుకుపోయాను.

కానీ పది రోజులండీ. కనుమ మర్నాటి నుంచి పది రోజులు, రోజూ పొద్దున ఆరున్నరకు సెట్టు ముందు కూర్చున్నాను. తమ రిలేలు (టకటకమనే స్విచ్‌లు) కాలిపోకూడదని పవర్ పది వాట్లకు దించాను. తమకు ఆగకుండా క్యారియర్, అంటే మాటల్లేని ఖాళీ తరంగం, కావాలి కాబట్టి మోడ్ మార్చాను. బటన్ నొక్కాను. తమరు టకటకటకమని కొట్టుకుని, ఏదో లోతుగా ఆలోచిస్తున్నట్టు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ టకటకలాడి, 1.1 అని సెలవిచ్చారు. నేను మళ్ళీ మోడ్ మార్చి, పవర్ నా లైసెన్సు అనుమతించే 50 వాట్లకు పెంచి, నెట్‌లో (రోజూ అందరం ఒకే ఫ్రీక్వెన్సీలో కలుసుకునే సభలో) నా కాల్‌సైన్, అంటే లైసెన్సు మీది పేరు, చెప్పాను. ఇన్ని పనులూ నేనే చేస్తే తమ పేరు ముందు ఆటో ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మా ఊళ్ళో ఆటో అన్న పేరున్న దేనినీ మీటరు విషయంలో ఎవరూ నమ్మరు. ఆ సంగతి అప్పుడే గుర్తుకు రావాల్సింది.

ఎవరూ పలకలేదు.

వైజాగ్ స్టేషన్, నాకు ఎప్పుడూ 5-9 (స్పష్టంగా, గట్టిగా వినబడుతున్నావని) ఇచ్చే మనిషి, నా మీదుగా మాట్లాడుకుంటూ వెళ్ళిపోయాడు. నెట్ కంట్రోల్ ఆయన "ఇంకెవరైనా చెక్ ఇన్ చేసేవాళ్ళున్నారా" అని అడిగాడు. నేను గొంతు చించుకున్నాను. "ఎవరూ లేనట్టున్నారు, అందరికీ 73" అని, అంటే మా భాషలో శుభాకాంక్షలు చెప్పి, మూసేశాడు. పెళ్ళిలో రెండో బంతికి కూర్చున్నవాడి ఆకు ముందు నుంచి సాంబారు బకెట్ ఆగకుండా వెళ్ళిపోయినట్టు ఉంటుంది ఆ బాధ. తమకు అర్థం కాదు, తమరు తినేది పన్నెండు వోల్టులే.

అయినా తమరిని అనుమానించలేదు. 1.1 కదా! పంపిందంతా పైకి పోతోంది, వెనక్కి దాదాపు ఏదీ రావడం లేదు అని కదా దాని అర్థం. మరి తప్పు ఎవరిది? సూర్యుడిది. అవునండీ, రథసప్తమి దగ్గర పడుతున్న రోజుల్లో సాక్షాత్తూ సూర్యభగవానుడి మీద అభాండం వేశాను. ప్రాపగేషన్ (తరంగాలు ఆకాశం మీదుగా దూరం పోవడం) బాగోలేదన్నాను. సూర్యుడి మచ్చల పదకొండేళ్ళ చక్రం కిందికి దిగుతోందన్నాను. వాట్సాప్‌లో నలుగురికి "బ్యాండు చచ్చిపోయింది" అని మెసేజ్ పెడితే, వాళ్ళలో ఇద్దరు "అదేంటి, పొద్దున్నే కేరళ బ్రహ్మాండంగా వచ్చిందే" అన్నారు. వాళ్ళకి వినడం సరిగ్గా రాదనుకున్నాను.

నిన్న మా ఆవిడ కాఫీ ఇస్తూ అంది: "మేడ మీద మీరు కట్టిన దండెం చాలా బావుందండీ. దుప్పట్లు కూడా ఆగుతున్నాయి."

నేను దండెం కట్టలేదు.

పైకి వెళ్ళి చూశాను. కనుమ నాడు ఎదురింటి పిల్లల గాలిపటం నా డైపోల్‌కి, అంటే రెండు కాళ్ళుగా చాపి కట్టిన యాంటెన్నా తీగకి, చిక్కుకుంది, వాళ్ళు దారం పట్టుకుని లాగారు. మధ్యలో కోయాక్స్ (సెట్టు నుంచి పైకి వెళ్ళే కేబుల్) లోపలి తీగకి పెట్టిన సోల్డర్ ఊడి, పది మీటర్ల కాలు ఒకటి మేడ మీద పడింది. ఒక కొన ఎలాగూ నీళ్ళ ట్యాంకుకి కట్టే ఉంది. మా ఆవిడ రెండో కొన తీసుకెళ్ళి పిట్టగోడ ఇనుప కడ్డీకి బిగించింది. నా యాంటెన్నాలో సగం మీద రెండు దుప్పట్లు, నాలుగు తువ్వాళ్ళు, నా లుంగీ ఆరుతున్నాయి. క్లిప్పులు కూడా పెట్టింది, గులాబీ రంగువి. ఊడిపోయిన తీగ కాబట్టి సరిపోయింది. అదే తగిలి ఉండి నేను కింద మాట్లాడుతుంటే, 50 వాట్లకే అయినా డైపోల్ చివర ఉండే వోల్టేజికి తడి దుప్పటి పట్టుకున్న చెయ్యి చురుక్కుమనేది.

పది రోజులుగా ఇంట్లో నా మీద ఎందుకంత గౌరవం కనబడుతోందో అప్పుడు తెలిసింది. అడక్కుండానే రెండుసార్లు పెసరట్టు వేసింది. పదేళ్ళ కాపురంలో మొదటిసారి ఆయన ఇంటికి పనికొచ్చే తీగ ఒకటి కట్టారని తన చెల్లెలికి ఫోన్‌లో చెప్పుకుందట.

ఇప్పుడు చెప్పండి. ఏం చూసి 1.1 అన్నారు? దుప్పట్లనా?

నాకు ఈ హాబీ నేర్పిన గురువుగారికి ఫోన్ చేస్తే ఆయన నవ్వడానికే రెండు నిమిషాలు పట్టింది. "నీ కేబుల్ ఎంత పొడుగురా?" అన్నారు. ముప్ఫై మీటర్ల ఆర్‌జీ-58 (సన్న రకం కోయాక్స్) అన్నాను. "అంతేగా మరి. దాని చివర యాంటెన్నా లేకపోయినా ఆ కేబులే సగం తినేస్తుంది. పైకి వెళ్ళేటప్పుడు కొంత, గోడకి కొట్టిన బంతిలా తిరిగొచ్చేటప్పుడు కొంత. నీ దగ్గరికి వెనక్కి వచ్చేది తక్కువ కాబట్టి చూసేవాడికి పరిస్థితి మెరుగ్గా కనబడుతుంది. 7 మెగాహెర్ట్జ్ మీద ఎస్‌డబ్ల్యూఆర్, అదే నీ 1.1 లాంటి అంకె, ఏడు దగ్గర, 14 మీద ఐదు దగ్గర చూపిస్తుంది. నీ డబ్బా పది దాకా సర్దేస్తానంటుంది కదా, ఇదొక లెక్కా దానికి?" అని విడమరిచి చెప్పారు.

అంటే నా 50 వాట్లు పది రోజులపాటు నల్ల కేబుల్‌ని వెచ్చబెట్టాయి. జనవరి చలిలో దాని మీద వాలిన పావురాలకు కాపడం పెట్టాను. డమ్మీ లోడ్ (పవర్‌ని వేడిగా మార్చేసే ఉత్తుత్తి యాంటెన్నా) కొనుక్కున్నా ఇదే పని చేసేది, అదీ నిజాయితీగా. దానికి ఎప్పుడూ ఒకటికి ఒకటే, కానీ దానితో పక్క వీధికి కూడా మాట్లాడలేవని దాని పేరే చెబుతుంది.

ఇక్కడితో తమరు, గారు అయిపోయాయి. విను.

నీ పేరే మొదటి అబద్ధం. నువ్వు యాంటెన్నాని ట్యూన్ చేయవు. మేడ మీద తీగ పొడుగు ఒక్క అంగుళం కూడా మార్చలేవు. బల్ల మీద కూర్చుని, పక్కనున్న సెట్టుకి "అంతా నీకు కావాల్సిన 50 ఓమ్‌లే, కంగారు పడకు" అని నచ్చజెబుతావు, అంతే. నువ్వు పెళ్ళిళ్ళ పేరయ్యవి. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు, ఒప్పుకుంటాను. నీ డబ్బాలో ఏడు కాయిళ్ళు, ఏడు కండెన్సర్లు, ఒక్కోదానికీ ఒక రిలే, ఆ కండెన్సర్లని ఇటు తిప్పాలా అటు తిప్పాలా అనడానికి ఇంకో రిలే. పదిహేను రిలేలు, ఒక్కోటీ ఆన్‌లోనో ఆఫ్‌లోనో. అంటే 32,768 రకాలుగా మాట మార్చగలవు. పేరయ్యలకే పేరయ్యవి. కానీ ఏ పేరయ్య అయినా పెళ్ళికూతురు ఇంట్లో ఉందో లేదో ఒకసారి తొంగి చూస్తాడు కదరా! పీటల మీద అమ్మాయి లేకుండా పది రోజులు వరసగా పెళ్ళి చేశావు. తాళి ఎవరికి కట్టించావు, కేబుల్‌కా?

పైగా నీకు తెలుసు. అదే నా కడుపు మండేది. సోల్డర్ ఊడకముందు ఈ ఫ్రీక్వెన్సీలో నీకు పనే ఉండేది కాదు. డైపోల్ దీనికోసమే కోసి కట్టింది కాబట్టి, రెండు టకటకలతో ముగించేవాడివి. కనుమ మర్నాడు మాత్రం నాలుగు సెకన్లు గింజుకున్నావు. నిన్నటిదాకా అక్కర్లేని కాయిళ్ళు ఇవాళ ఇన్ని ఎందుకు కావాల్సి వచ్చాయో అని ఒక్క మాట అనలేదు. గురువుగారి దగ్గర పాత వాల్వ్ రేడియో గ్యాంగ్ కండెన్సర్‌తో చేసుకున్న ట్యూనర్ ఉంది, రెండు నాబ్‌లు, ఒక చెక్కపెట్టె. నాబ్ రోజూ ఆగే గీత దగ్గర కాకుండా ఇంకెక్కడో ఆగిందంటే ఆయన నిచ్చెన తీసుకుంటారు. ఆ చెక్కపెట్టెకి ప్రాసెసర్ లేదు, దాయడం కూడా లేదు. నీ దగ్గర రెండూ ఉన్నాయి. నేనూ నాలుగు సెకన్లు విన్నాను కదా, నా చెవులేమయ్యాయి అంటావా? దాన్ని చివర్లో చూసుకుందాం. (చూడను.)

ఇంకో సంగతి. గోడ అవతల మా అమ్మ పూజగది. పొద్దున్నే నీ రిలేల చప్పుడు వినబడగానే ఆవిడ బల్లి అనుకుంటుంది. నేల మీద వేలితో తట్టి "సత్యం, కృష్ణ కృష్ణ" అనుకుంటుంది. ఆ పది రోజుల్లో మా చెల్లెలి కొడుక్కి కంప్యూటర్ సైన్స్‌లో సీటు ఖాయమైపోయింది, మా బాబాయి మోకాళ్ళు తగ్గిపోతాయని తేలిపోయింది, అన్నిటికీ బల్లి సాక్ష్యం పలికిందట. చెల్లెలికి ఫోన్ చేసి చెప్పేసింది కూడా. ఇంటిల్లిపాదిలో నీ మాట నమ్మినవాణ్ణి నేనొక్కణ్ణే కాదు. ఇంక ఆవిడకి వెళ్ళి అది బల్లి కాదమ్మా, అబద్ధాలాడే డబ్బా అని ఎవరు చెబుతారు?

నిన్న సాయంత్రం సోల్డర్ పెట్టి, దాని మీద టేపు చుట్టి, ఈసారి బరువు సోల్డర్ మీద పడకుండా తాడుతో కట్టి కిందికొచ్చాను. నిన్ను బైపాస్‌లో పెట్టి చూశాను. 1.3. నువ్వు అడ్డం లేకుండా వచ్చిన అంకె. నీ 1.1 కన్నా ఎక్కువే. ఇవాళ పొద్దున కాల్‌సైన్ చెప్పగానే వైజాగ్ ఆయన "ఎక్కడికెళ్ళారండీ పది రోజులు, ఊళ్ళో లేరా?" అన్నాడు. ఊళ్ళోనే ఉన్నాను, బట్టలు ఆరేస్తున్నాను అని చెప్పలేక పండక్కి వెళ్ళానన్నాను. నీ సావాసంతో నాకూ అబ్బింది.

నిన్ను అమ్మేద్దామని ఫొటో కూడా తీశాను. తీస్తుంటే నిజాంపేట ఫ్లాట్ గుర్తుకొచ్చింది. మేడ మీదికి తాళం ఇవ్వని అసోసియేషన్, మూడో అంతస్తు బాల్కనీ, గ్రిల్ నుంచి బయటికి వేలాడేసిన తీగ, నేల మీద చాప కింద పరిచిన ఇంకో నాలుగు తీగలు. దాన్ని యాంటెన్నా అనడానికి నాకే సిగ్గేసేది. నువ్వు మాత్రం ఏమీ అనకుండా టకటకమని దానికీ ఒక సంబంధం కుదిర్చావు. ఆ రాత్రి 21 మెగాహెర్ట్జ్ మీద జపాన్ నుంచి ఎవరో పెద్దాయన నా కాల్‌సైన్ తప్పు లేకుండా వెనక్కి చెబితే, నిద్రపోతున్న మా ఆవిడని లేపాను. లేపినందుకు తిట్టింది కానీ లేచి వింది.

ఆ ఫొటో ఎక్కడా పెట్టలేదు. కానీ నీ మాట ఒక్కటే నమ్మే రోజులు అయిపోయాయి. గురువుగారు ఒక పాత ముల్లు మీటరు ఇస్తానన్నారు. అది నీకూ కోయాక్స్‌కీ మధ్య కూర్చుంటుంది. నువ్వు 1.1 అనేటప్పుడు అటు కేబుల్ ఏమంటోందో దాని ముల్లు చూపిస్తుంది. నీ పరువు గురించి నాకు బెంగ లేదు.

మా ఆవిడకి విషయం చెప్పాల్సొచ్చింది. పెసరట్లు ఆగిపోయాయి. పొద్దున్నే వెళ్ళి పదిహేను మీటర్ల నైలాన్ తాడు కొనుక్కొచ్చి, డైపోల్‌కి దూరంగా కట్టాను. ఇప్పుడు మేడ మీద ఒకటి యాంటెన్నా, ఒకటి దండెం. నీకు రెండూ ఒకటే. అందుకే ఇకనుంచి బటన్ నొక్కే ముందు రోజూ నేనే పైకి వెళ్ళి, దుప్పట్లు ఏ తీగ మీద ఉన్నాయో చూసి వస్తాను.

ఇట్లు,
73 పెట్టడానికి ఇంకా మనసు రాని,
నీ 50 వాట్ల యజమాని