500 ఎఫ్‌పీఎస్ గన్ కొనమనే ఆ ఫార్వర్డ్ సంగతి

అమెరికాలో ఎయిర్‌సాఫ్ట్ (బొమ్మ తుపాకులతో బీబీలనే ప్లాస్టిక్ గుండ్లు కాల్చుకునే ఆట) ఆడే తెలుగు కుర్రాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో "కొత్తవాళ్ళకు ఏడు సూత్రాలు" అనే పోస్టు ఒకటి ఆగకుండా తిరుగుతోంది. డాలస్‌లో ఎమ్మెస్ చేస్తూ వీకెండ్‌లో ఫీల్డ్‌కి వెళ్దామని ఎవరైనా అడగడమే ఆలస్యం, ఎవరో ఒకరు అదే పడేస్తారు. అందులో ఉన్నది టూకీగా ఇది. ఒకటి, 500 ఎఫ్‌పీఎస్ గన్ కొను, దూరం దానంతటదే వస్తుంది. రెండు, తేలిక బీబీలు వాడు, స్పీడు ఇంకా పెరుగుతుంది. మూడు, పొడుగు బ్యారెల్ వేయించు, గురి కుదురుతుంది. నాలుగు, కళ్ళకు సన్‌గ్లాసెస్ గానీ, అద్దం బదులు ఇనుప జాలీ ఉన్న గాగుల్స్ గానీ చాలు. అయిదు, 11.1 వోల్టుల బ్యాటరీ పెట్టు. ఆరు, ఆర్మీ వీడియోలు చూసి అలాగే ప్రాక్టీస్ చెయ్. ఏడు, గన్ మూతికున్న నారింజ రంగు ముక్క పీకేయ్, లేకపోతే పిల్లల బొమ్మలా ఉంటుంది.

వీటిలో కొన్ని డబ్బు దండగ చేయించేవి, కొన్ని గన్ పాడు చేసేవి. నాలుగోదీ ఏడోదీ మాత్రం మనిషికే ప్రమాదం తెచ్చేవి. ఫార్వర్డ్ చేసేవాళ్ళు వాటికే ఎక్కువ నవ్వు బొమ్మలు తగిలిస్తున్నారు, అందుకే ఇంత రాయాల్సి వస్తోంది.

ముందు ఎఫ్‌పీఎస్. బీబీ సెకనుకు ఎన్ని అడుగుల వేగంతో బ్యారెల్ దాటుతుందో చెప్పే అంకె అది. ఆట గురించి తెలియనివాళ్ళ కోసం: బీబీ అంటే 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండు. అది తగిలితే "హిట్" అని అరిచి, ఎర్రగుడ్డ పైకెత్తి బయటికి రావాలి. సాధారణంగా వేగాన్ని 0.20 గ్రాముల బీబీతో కొలుస్తారు. ఆ లెక్కన 350 ఎఫ్‌పీఎస్ అంటే 1.14 జూల్ శక్తి, 500 ఎఫ్‌పీఎస్ అంటే 2.32 జూల్. వేగం నలభై శాతం చిల్లర పెరిగితే తగిలే దెబ్బ రెట్టింపయింది. మరి దూరం ఎంత పెరిగింది? ఇక్కడే పోస్టు రాసినాయన గాలిని మర్చిపోయాడు. ఇంత తేలికైన గుండును గాలి చాలా త్వరగా ఆపేస్తుంది. గాలి నిరోధాన్ని కలుపుకుని ఉజ్జాయింపు లెక్క వేస్తే, 500తో బయల్దేరిన 0.20 బీబీ దాదాపు 9 మీటర్లు వెళ్ళేసరికి 350కి దిగిపోతుంది. అంటే అదనంగా కొన్న వేగమంతా తొలి 9 మీటర్లలోనే ఖర్చయిపోయింది. ఆ 9 మీటర్లలో ఎదురుపడ్డవాడికి మాత్రం చర్మం చిట్లుతుంది.

పైగా ఆ గన్‌ను లోపలికి రానివ్వరు. అమెరికాలో చాలా ఫీల్డుల్లో గేటు దగ్గరే క్రోనో (బీబీ వేగం కొలిచే యంత్రం) పెట్టి కొలుస్తారు. ఇండోర్ అయితే 350 చుట్టుపక్కల, అవుట్‌డోర్‌లో రైఫిళ్ళకు 400 చుట్టుపక్కల పరిమితి ఉంటుంది. 500 దాకా వెళ్ళనిచ్చేది సాధారణంగా బోల్ట్ యాక్షన్ (ప్రతి షాట్‌కీ చేత్తో బోల్ట్ లాగే) స్నైపర్ గన్లకే, అదీ వంద అడుగుల లోపు మనిషిని కాల్చకూడదనే షరతు మీద. బ్రిటన్‌లో 2017 చట్టం ప్రకారం ఆటోమేటిక్‌గా కాలేదానికి 1.3 జూల్, ఒక్కో షాట్‌గా కాలేదానికి 2.5 జూల్ హద్దు. ఈ ఆట పుట్టిన జపాన్‌లో 2006లో చట్టం సవరించి సుమారు 0.98 జూల్ దగ్గర గీత గీశారు. 1991లో టోక్యో మరూయి కంపెనీ ఫామాస్ మోడల్‌తో తొలి ఎలక్ట్రిక్ గన్ తెచ్చిన దేశం అది. ఒక్క జూల్ కూడా లేని గన్లతో అక్కడ ఆట హాయిగా సాగిపోతోంది.

వాళ్ళకు దూరం ఎక్కణ్ణుంచి వస్తోందంటే, హాప్ అప్ నుంచి. బ్యారెల్ మొదట్లో చిన్న రబ్బరు ఉంటుంది. బీబీ వెళ్ళేటప్పుడు అది పైనుంచి ఒరుసుకుని బీబీని వెనక్కి తిప్పుతుంది. ఆ తిరుగుడు వల్ల గాలి బీబీని పైకి లేపుతూ ఉంటుంది, కాబట్టి త్వరగా నేలకు వాలదు. దీన్ని సెట్ చేసుకోవడం నేర్చుకుంటే సగం పని అయిపోయినట్టే. ముందు హాప్ పూర్తిగా తీసేసి, ఆరోజు వాడబోయే బీబీలతోనే కాల్చండి. కొంచెం కొంచెంగా పెంచుతూ పొండి. బీబీ చాలా దూరం తిన్నగా వెళ్ళి, చివర్లో కాస్త లేచీ లేవనట్టు లేచి వాలితే అక్కడ ఆపేయండి. సగం దారిలోనే ఆకాశంలోకి ఎగిరిపోతుంటే హాప్ ఎక్కువైనట్టు. పక్కలకు వంకర పోతుంటే రబ్బరు సరిగ్గా కూర్చోలేదు, లేదా బ్యారెల్ మురికి పట్టింది. శుభ్రం చేసే కడ్డీకి పొడి గుడ్డ చుట్టి తుడవండి. సిలికాన్ ఆయిల్ ఆ రబ్బరుకు అంటకుండా చూసుకోండి. అంటిందా, పట్టు పోతుంది, బీబీలు ఇష్టమొచ్చినట్టు పోతాయి. పాత గన్‌కి కొత్త రబ్బరు వేస్తే వచ్చే తేడా గట్టి స్ప్రింగ్ వేసినా రాదు, ఖర్చు కూడా చాలా తక్కువ.

రెండో సూత్రం దీనికి తోబుట్టువే. 0.12 గ్రాముల బీబీ వేస్తే క్రోనో మీద అంకె పెరుగుతుంది, నిజమే. కానీ పైన చెప్పిన లెక్కలోనే, 0.12 బీబీ సుమారు 11 మీటర్లకే సగం వేగం పోగొట్టుకుంటుంది. 0.20కి ఆ దూరం 18 మీటర్లు, 0.28కి 25. ఒక జూల్ శక్తి ఉన్న ఒకే గన్‌లోంచి 0.20, 0.28 రెండూ కాల్చారనుకోండి. బయల్దేరేటప్పుడు 0.20దే పైచేయి. పదిహేను మీటర్లు దాటాక బరువుదే వేగం ఎక్కువ. 40 మీటర్ల దగ్గరికి 0.28 సుమారు 0.86 సెకన్లలో చేరితే 0.20కి 0.95 దాకా పడుతుంది. గాలివాటానికి కొట్టుకుపోవడం కూడా బరువుదానికే తక్కువ. అందుకే సాధారణ రైఫిల్‌కి అవుట్‌డోర్‌లో 0.25 నుంచి 0.30 మధ్య వాడమంటాను. చవక బీబీల మీద అతుకు గీతలుంటాయి, లోపల గాలి బుడగలుంటాయి. ఒక్కటి బ్యారెల్‌లో పగిలితే ఆ పూట ఆట అంతే. మట్టిలో కరిగే బయో బీబీలే వాడాలని చాలా అవుట్‌డోర్ ఫీల్డులు పట్టుబడతాయి. అవి తేమను పీలుస్తాయి కాబట్టి విప్పిన ప్యాకెట్ మూతి బిగించి ఉంచుకోవాలి.

గ్యాస్ గన్ వాడేవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. వాటిలో బరువు బీబీ బ్యారెల్‌లో ఎక్కువసేపు ఉండి, వెనకనుంచి వచ్చే గ్యాస్‌ను ఎక్కువ తీసుకుంటుంది, కాబట్టి శక్తి కూడా పెరుగుతుంది. 0.20తో పాసై, తర్వాత బరువు బీబీలు నింపుకుని ఆడితే తెలియకుండానే పరిమితి దాటేస్తారు. ఆడే బీబీతోనే క్రోనో చేయించుకోవడం మర్యాద.

పొడుగు బ్యారెల్ గురించి రెండు మాటలు చాలు. బీబీని తోసే గాలి గన్ లోపలి సిలిండర్‌లోంచి వస్తుంది, అది ఒక పొడవుకే సరిపోతుంది. అంతకు మించి పొడిగిస్తే గాలి చాలక బీబీ వేగం తగ్గుతుంది. గురి కుదరాలంటే గాలి లీకు కాకుండా ఉండాలి, రబ్బరు బాగుండాలి, బ్యారెల్ శుభ్రంగా ఉండాలి. ఈ మూడూ చూడకుండా 6.03 బ్యారెల్ (లోపలి వ్యాసం 6.03 మిల్లీమీటర్లు ఉండే బిగుతు బ్యారెల్) ఆర్డర్ పెట్టడం తొందరపాటు.

ఇక కళ్ళు. నాలుగో సూత్రం రాసినవాడి మీద నిజంగా కోపం వస్తుంది. సన్‌గ్లాసెస్ ఎండ కోసం చేసినవి. అమెరికాలో రక్షణ కళ్ళద్దాలకు జెడ్87.1 అనే ప్రమాణం ఉంది. దెబ్బకు తట్టుకునే రకం మీద "జెడ్87+" అని ముద్ర ఉంటుంది, ఆ ప్లస్ గుర్తు ముఖ్యం. ఆ పరీక్షలో పావు అంగుళం ఉక్కు గుండును మామూలు కళ్ళజోడు ఆకారం మీదికి సెకనుకు 150 అడుగుల వేగంతో, గాగుల్స్ మీదికి 250 అడుగుల వేగంతో కొడతారు. జూళ్ళలో చూస్తే మొదటిది 1.1 దగ్గర, రెండోది 3 పైచిలుకు. ఇప్పుడు పోస్టులోని మొదటి సూత్రాన్నీ నాలుగో సూత్రాన్నీ పక్కపక్కన పెట్టండి. 2.32 జూల్ గన్లు పట్టుకున్నవాళ్ళ మధ్యకు, 1.1 జూల్ పరీక్ష కూడా రాయని అద్దాలతో పొమ్మంటున్నాడు. ఎయిర్‌సాఫ్ట్ కోసమే ఏఎస్‌టీఎమ్ ఎఫ్2879 అనే విడి ప్రమాణం ఉంది, దొరికితే అది రాసి ఉన్నదే కొనండి. చుట్టూ ముఖానికి అంటుకుని ఉండాలి. పక్కసందులోంచి, కిందనుంచి దూరే బీబీకి ముందున్న అద్దం ఎంత గట్టిదైతే ఏం లాభం?

జాలీ గాగుల్స్ వాదన కాస్త తెలివైనది. ఆవిరి పట్టదు, బీబీ లోపలికి రాదు అంటారు. గోడకో జాలీకో కొట్టుకుని బీబీ పగిలితే ఆ ముక్కలు జాలీ కన్నాల్లోంచి వస్తాయి, రంగు పెచ్చులు కూడా వస్తాయి. కంటికి దెబ్బ తగిలితే నల్లగుడ్డు ముందు భాగంలో రక్తం చేరవచ్చు, రెటీనా దెబ్బతినవచ్చు, తర్వాతెప్పుడో గ్లాకోమా రావచ్చు. జాలీని నోటికీ బుగ్గలకూ వాడండి. అక్కడ అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, పళ్ళు కాపాడుతుంది, ఊపిరి కిందకే పోయి అద్దానికి ఆవిరి తక్కువ పడుతుంది. ఆవిరి సమస్యకు రెండు పొరల థర్మల్ లెన్స్, చిన్న ఫ్యాన్ ఉన్న గాగుల్స్ ఉన్నాయి. మనవాళ్ళలో సైటు ఉన్నవాళ్ళు ఎక్కువ కదా, కళ్ళజోడు మీద పెట్టుకునే పెద్ద ఫ్రేము గాగుల్స్ తీసుకోండి, లేదా లోపల పవర్ లెన్స్ బిగించుకునేవి. ఆట మధ్యలో ఆవిరి పట్టి ఏమీ కనిపించకపోతే చెయ్యెత్తి సేఫ్ జోన్‌కి నడిచి వెళ్ళాలి. అక్కడికక్కడే గాగుల్స్ ఎత్తి తుడుచుకునేవాణ్ణి చూస్తే నాకు టెన్షన్.

గన్‌కి పెట్టేదానికన్నా ముందు గాగుల్స్, చీలమండ పట్టి ఉంచే బూట్లు, నీళ్ళు. టెక్సస్ జులై ఎండలో ఉత్తుత్తి ప్లేట్లు పెట్టిన వెస్టు వేసుకుని తిరిగితే శత్రువు అక్కర్లేదు.

బ్యాటరీ సంగతి. 11.1 వోల్టుల లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ పెడితే ట్రిగ్గర్ చురుగ్గా ఉంటుంది, నిమిషానికి కాలే బీబీల సంఖ్య పెరుగుతుంది. మామూలు గేర్‌బాక్స్‌లో అయితే ట్రిగ్గర్ కాంటాక్టులు నిప్పురవ్వలకు మాడతాయి, పిస్టన్ పళ్ళు అరిగిపోతాయి. మాస్‌ఫెట్ (ఆ కాంటాక్టుల మీద కరెంటు భారం పడకుండా చూసే ఎలక్ట్రానిక్ స్విచ్) వేసి, లోపలి భాగాలు తట్టుకుంటాయని తెలిశాకే ఆ పని. అప్పటిదాకా 7.4 చాలు. ఛార్జింగ్ బ్యాలెన్స్ ఛార్జర్‌తోనే, ఒక్కో సెల్ 4.2 వోల్టులు దాటకూడదు. కొన్నాళ్ళు వాడకుండా పక్కన పెట్టేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. ఉబ్బిన ప్యాక్‌ను మళ్ళీ ఛార్జ్ చేయొద్దు. అపార్ట్‌మెంట్‌లో రూమ్మేట్లు నిద్రపోతుంటే మంచం కింద ఛార్జింగ్ పెట్టి బయటికి పోవడం అస్సలు వద్దు.

ఆరో సూత్రంలో కొంత నిజం ఉంది. తుపాకీ మూతి ఎటు ఉందో చూసుకోవడం, గురి లేనప్పుడు వేలు ట్రిగ్గర్ మీద పెట్టకపోవడం, జతగా కదలడం ఎక్కడైనా పనికొస్తాయి. మిగతాది అలాగే దించితే తప్పు. నిజమైన తూటాకు పొద అడ్డం కాదు, బీబీకి నాలుగు ఆకులు చాలు. నిజమైన తూటా 40 మీటర్లను రెప్పపాటులో దాటేస్తుంది, మన బీబీకి దాదాపు సెకను. సెకనుకు నాలుగు మీటర్లు పరిగెత్తేవాడు ఈలోపు మూడు మీటర్లకు పైగా జరిగిపోతాడు. అంత ముందుకు గురి పెట్టడం ఏ ఆర్మీ వీడియోలోనూ రాదు, ఫీల్డ్ రేంజ్‌లోనే వస్తుంది. పది, ఇరవై, ముప్పై మీటర్ల దగ్గర కాగితం టార్గెట్లు పెట్టి, ఒక్కో షాట్‌గా కాల్చి, బీబీ ఎక్కడ పడుతుందో కళ్ళతో అనుసరించండి. తర్వాత అదే పని నడుస్తూ. తర్వాత ఎడమ భుజానికి మార్చి, ఎందుకంటే గోడ ఎప్పుడూ మీకు అనువైన వైపే ఉండదు. ఇంట్లో మ్యాగజైన్ మార్చడం సాధన చేయొచ్చు, బ్యాటరీ తీసేసి, ఖాళీ మ్యాగజైన్లతో, కర్టెన్లు వేసుకుని. వీటన్నిటికన్నా ఎక్కువ గెలిపించేది కాళ్ళు. వంగి ముప్పై అడుగులు పరిగెత్తి, మోకాలి మీద కూర్చుని, ఊపిరి అదుపులోకి తెచ్చుకుని కాల్చగలిగినవాణ్ణి ఖరీదైన గన్ ఉన్నవాడు ఆపలేడు. తగిలితే తగిలిందని ఒప్పుకోవడం కూడా ప్రాక్టీస్‌లో భాగమే, రిఫరీ చూడని చోట మరీను.

కర్టెన్లు ఎందుకంటే, బయటినుంచి చూసేవాళ్ళకు అది నిజమైన తుపాకీలా కనిపించొచ్చు. ఏడో సూత్రంలోని ప్రమాదం కూడా అదే. నారింజ మూతి అమెరికా ఫెడరల్ నియమం వల్ల వచ్చింది, బొమ్మ తుపాకీ దిగుమతికీ అమ్మకానికీ అది తప్పనిసరి. కొన్నాక ఏం చేయొచ్చన్నది రాష్ట్రాన్ని బట్టి, ఊరిని బట్టి మారుతుంది. కాలిఫోర్నియాలో 2016 నుంచి ఎయిర్‌సాఫ్ట్ గన్లకు మూతితో పాటు ట్రిగ్గర్ గార్డ్ లాంటి చోట్లా మెరిసే రంగులు ఉండాలి. న్యూయార్క్ నగరంలో నిజమైనదానిలా కనిపించే బొమ్మ తుపాకుల మీదే ఆంక్షలున్నాయి. "మా ఫ్రెండ్ తీసేశాడు, ఏం కాలేదు" అనేది ఏ రాష్ట్రంలోనూ చట్టం కాదు.

2014 నవంబర్‌లో క్లీవ్‌లాండ్‌లో తమీర్ రైస్ అనే పన్నెండేళ్ళ పిల్లాడు పార్కులో ఎయిర్‌సాఫ్ట్ గన్‌తో ఉండగా పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఆ గన్‌కి నారింజ మూతి లేదు. మూతి ఉంటే బతికేవాడని నేను అనడం లేదు, పోలీసులు అది చూసి ఆగుతారన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. ఉన్న ఆ కాస్త గుర్తును కూడా అందం కోసం పీకేయమని ఒక కొత్త కుర్రాడికి, అదీ స్టూడెంట్ వీసా మీద ఉన్నవాడికి సలహా ఇవ్వడం ఏం తెలివి? మూతి అలాగే ఉంచండి. గన్ బ్యాగులో, బ్యాటరీ, మ్యాగజైన్ విడిగా, కారు డిక్కీలో. పార్కింగ్ లాట్‌లో తీసి స్నేహితులకు చూపించడం, బాల్కనీలో గురి పెట్టి ఫోటోలు దిగడం వద్దు. దారిలో పోలీసు ఆపితే చేతులు స్టీరింగ్ మీదే ఉంచి, డిక్కీలో ఎయిర్‌సాఫ్ట్ గన్ ఉందని నోటితో చెప్పండి, చూపించడానికి మీరు దిగకండి.