పోస్ట్ దానంతట అదే పడదు

"ఇప్పుడంతా ఆటోమేటిక్కే కదా తమ్ముడూ, నెలకి ఇంతెందుకు?"

వ్యాపారాల సోషల్ మీడియా పేజీలకి రీల్స్ ఎడిట్ చేసి, పోస్ట్ చేసిపెట్టే ఫ్రీలాన్సర్‌ని నేను. ఈ మధ్య క్లయింట్ల నోట తరచూ వినిపిస్తున్న మాట ఇది. ఒకరు రేటు సగం చేయమంటారు. ఇంకొకరు ఎడిటింగ్‌కి మాత్రమే ఇస్తాం, పోస్టింగ్ ఊరికే చూసిపెట్టమంటారు. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది, మొహమాటం లేకుండా రాసేస్తున్నాను.

ముందే చెబుతున్నా, ఆటోమేషన్‌కి నేను వ్యతిరేకిని కాదు. నాలుగైదు పేజీలు చూసుకునే ఫ్రీలాన్సర్ రోజూ సాయంత్రం ఫోన్ పట్టుకుని టైము కోసం కాచుక్కూర్చోవడం దండగ. ఒక్క పేజీ అయితే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లకి మెటా బిజినెస్ సూట్, యూట్యూబ్‌కి యూట్యూబ్ స్టూడియో సరిపోతాయి, రెండూ ఉచితమే. ఇన్‌స్టాగ్రామ్ యాప్‌లోనే ప్రొఫెషనల్ అకౌంట్‌కి 75 రోజుల ముందు వరకు షెడ్యూల్ పెట్టుకోవచ్చు. పేజీలు పెరిగితే గూగుల్ షీట్‌లో వీడియో లింకు, క్యాప్షన్, టైము వరసగా రాసుకుని, ఎన్8ఎన్ (n8n) లాంటి ఆటోమేషన్ టూల్‌తో కలిపేస్తాం. టైముకి రీల్ పడుతుంది. క్లయింట్‌కి కనిపించేది ఆ చివరి ముక్క ఒక్కటే.

కనిపించనిది చాలా ఉంది. ఏపీఐ ద్వారా, అంటే యాప్ తెరవకుండా మన టూల్ నేరుగా ఇన్‌స్టాగ్రామ్‌తో మాట్లాడే దారిలో, రీల్ వేయాలంటే ముందు వీడియోని ఇన్‌స్టాగ్రామ్‌కి అప్పగించాలి, అది ప్రాసెస్ అయ్యేదాకా ఆగాలి, ఆ తర్వాతే పబ్లిష్ చెయ్యి అని చెప్పాలి. అప్పగించినది 24 గంటల్లో పబ్లిష్ చేయకపోతే చెల్లదు. అంటే వారం పని ఒకేసారి దాని నెత్తిన పెట్టి వెళ్లిపోవడం కుదరదు, ఆ టైముకి మన సెటప్ మేలుకుని ఉండాలి. క్లయింట్ పేజీలో పోస్ట్ చేయడానికి మన టూల్‌కిచ్చే తాళంచెవి లాంటిది లాంగ్-లివ్డ్ టోకెన్, దాని గడువు 60 రోజులు. ఈలోపు క్లయింట్ బావమరిది ఫేస్‌బుక్ పాస్‌వర్డ్ మార్చాడంటే ఆ టోకెనూ పోయినట్టే. యూట్యూబ్‌ది ఇంకో రకం: గూగుల్‌లో సొంతంగా ఏపీఐ ప్రాజెక్ట్ పెట్టుకుని దాంతో అప్‌లోడ్ చేస్తే, యూట్యూబ్ వాళ్లు ఆ ప్రాజెక్ట్‌ని ఆడిట్ చేసేదాకా ఆ వీడియోలన్నీ ప్రైవేట్‌లోనే ఉండిపోతాయి. ఇవన్నీ ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి కదా. పొలంలో మోటారుకి ఆటోస్టార్టర్ బిగించాడని రైతు మడి వైపు వెళ్లడం మానేశాడా?

టైము సంగతి. చాలా ఏపీఐలు యూటీసీలో, అంటే మనకన్నా ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయంలో, మాట్లాడతాయి. మన సాయంత్రం 7 గంటలంటే దానికి 13:30. చూసుకోకుండా 19:00 అని ఇస్తే ఆ రీల్ అర్ధరాత్రి దాటాక 12:30కి పడుతుంది. డల్లాస్‌లోని మనవాళ్ల కోసం నడిపే పేజీ అయితే ఇంకో మెలిక: అక్కడ రాత్రి 8 గంటలంటే ఎండాకాలం మనకి మర్నాడు ఉదయం 6:30, నవంబర్‌లో వాళ్ల గడియారాలు మారాక 7:30. మనకి మారే గడియారాలు లేవు కాబట్టి ఈ తేడా హైదరాబాద్‌లో కూర్చున్నవాళ్లకి తట్టదు.

ఇదంతా ఒక ఎత్తు, ఆపడం ఒక ఎత్తు. నిజానికి నేను డబ్బు తీసుకునేది ఎక్కువగా దీనికే. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ నీళ్లలో మునిగింది. జనం మేడలెక్కి పాల ప్యాకెట్ల కోసం ఎదురుచూస్తున్న ఆ రోజుల్లో, ముందు వారం షెడ్యూల్ చేసిన "వాన పడుతోంది, వేడి వేడి మిర్చి బజ్జీ తినాల్సిందే" అన్న రీల్ అదే ఊరి హోటల్ పేజీలో పడితే? 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో లండన్ విమానం కూలింది. ఆ సాయంత్రం విదేశీ చదువులకి పంపే ఒక కన్సల్టెన్సీ పేజీలో విమానం గాల్లోకి లేస్తూ "మీ లండన్ కల ఇప్పుడే" అని వస్తే? టూల్‌కి వార్తలు తెలియవు. టైమైంది, వేసేసింది, అంతే.

అందుకే నా షీట్‌లో ప్రతి క్లయింట్‌కీ "ఆపు" అని ఒక గడి ఉంటుంది. అందులో టిక్ పెడితే ఆ పేజీకి ఏదీ వెళ్లదు. యూట్యూబ్‌లో ముందే ఎక్కించి టైము పెట్టిన వీడియోకి మాత్రం షీట్‌తో పని లేదు, స్టూడియోలోకి వెళ్లి చేత్తో తీసేయాలి. ఆ టిక్ ఎప్పుడు పెట్టాలో, మళ్లీ ఎప్పుడు తీయాలో తేల్చడానికి ఊరు తెలిసిన మనిషి కావాలి, ఆ మనిషికి జీతం కావాలి.

పైగా ఈ సెటప్ కట్టింది నేను, నా రాత్రులు పెట్టి. దానివల్ల నాకు కలిసొచ్చిన టైము నాది. పని త్వరగా అయిందని కూలి కోస్తామంటే, రేపటి నుంచి ఎవరైనా పనిని మెరుగ్గా ఎందుకు చేస్తారు?

తోటి ఫ్రీలాన్సర్లకి ఒక్క మాట. కొటేషన్‌లో "పోస్టింగ్ ఫ్రీ" అని రాయడం ఆపండి, దయచేసి. ఎడిటింగ్‌కి ఒక లైను, పబ్లిషింగ్ బాధ్యతకి ఇంకో లైను, రెంటికీ విడివిడిగా రేటు. టూల్స్ చందా క్లయింట్ కార్డు మీదే పెట్టించండి. వాట్సాప్‌లో పాస్‌వర్డ్‌లు తీసుకోకండి; బిజినెస్ సూట్‌లోనూ యూట్యూబ్ స్టూడియోలోనూ మీ పేరు మీదే యాక్సెస్ అడగండి. అర్ధరాత్రి ఏదైనా జరిగితే పోస్ట్ ఆపే అధికారం మీకుందని కూడా రాతపూర్వకంగా తీసుకోండి. దీనికి ఒప్పుకోని క్లయింట్ పేజీని నేనైతే తీసుకోవడం లేదు.