లారీ డ్రైవర్లకు ఒక బేషరతు క్షమాపణ

గత ముప్పై ఏళ్లుగా నేను పిల్లలకు ఒక హెచ్చరిక జారీ చేస్తూ వచ్చాను. నా పిల్లలకు, పక్కింటి పిల్లలకు, ఎవరూ అడగకపోయినా బంధువుల పిల్లలకు కూడా. "సరిగ్గా చదవకపోతే లారీ డ్రైవర్ అవుతావు" అన్నదే ఆ హెచ్చరిక. దాన్ని ఈ వ్యాసం ద్వారా ఉపసంహరించుకుంటున్నాను. అందులో తప్పుడు సమాచారం ఉంది. చదివినవాడికే లారీ డ్రైవర్ అవడం గగనంగా ఉంది. యాభై నాలుగో ఏట స్వయంగా ప్రయత్నించి చెబుతున్న మాట ఇది.

ప్రయత్నించడానికి కారణం, ఆఫీసువాళ్లు నన్ను "పునర్వ్యవస్థీకరణ" అనే మర్యాదైన మాట చెప్పి ఇంటికి పంపించడం. ముప్పై ఏళ్లు నేను చేసిన పని పేరు సమన్వయం. అంటే నలుగురు చేసిన పనిని ఒక పట్టికలో పెట్టి అయిదోవాడికి పంపడం. ఈ విద్యకు బయట గిరాకీ లేదని తెలుసుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది. లారీ డ్రైవర్లు కావాలని మాత్రం ఎక్కడ చూసినా ప్రకటనలే. కారు ఎలాగూ వచ్చు, లారీ అంటే కాస్త పెద్ద కారే కదా అనుకున్నాను. ఆ "కాస్త" దగ్గరే నా పతనం మొదలైంది.

ముందు వైద్య పరీక్ష. కళ్లు చూశారు, చెవులు చూశారు, బీపీ చూసి మళ్లీ చూశారు. ఆ తర్వాత డాక్టరు టేపు తీసి నా మెడ చుట్టూ పెట్టి కొలిచాడు. కాలరు కొలతేమో అనుకున్నాను. మెడ లావుగా ఉన్నవాళ్లకి నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు వచ్చే అవకాశం ఎక్కువట, రాత్రి నిద్ర చాలనివాడు పగలు స్టీరింగ్ దగ్గర కునుకు తీస్తాడట. ముప్పై ఏళ్లు మీటింగుల్లో కునుకు తీశాను, ఒక్కరోజు కూడా నా మెడ ఎవరూ కొలవలేదు.

నాకు నేర్పేవాడి వయసు 26. నన్ను "బాబాయ్" అన్నాడు, నేను "గురువు గారూ" అన్నాను. ఈ ఒప్పందం ఇద్దరికీ నచ్చింది.

మొదటి రోజు బండి స్టార్ట్ చేయనివ్వలేదు. దాని చుట్టూ తిరగమన్నాడు. లైట్లు, లీకులు, గొట్టాలు, 18 చక్రాలు, అన్నీ చూసుకుంటూ గంటసేపు. వెనక చక్రాలు జంటలుగా ఉంటాయి. లోపలి టైరులో గాలి లేకపోయినా బయట ఉన్నది బరువు మోసేస్తుంది, చూసేవాడికి అంతా బాగానే కనిపిస్తుంది. అందుకే చేతికి ఒక సుత్తి ఇచ్చి ఒక్కో టైరూ కొట్టి శబ్దం వినమన్నాడు. గాలున్నది టంగుమంటుంది, లేనిది దబ్బుమంటుంది. పక్కవాడి మీద బరువు వేసి లోపల హాయిగా కూర్చునే ఆ టైరును చూస్తే నాకు ఎందుకో చాలా దగ్గరగా అనిపించింది. మా ఆఫీసులో ఎవరి దగ్గరా సుత్తి లేకపోవడం నా అదృష్టం.

ఇక గాలి సంగతి. లారీ బ్రేకు గాలితో పనిచేస్తుంది. తాళం తిప్పగానే బయల్దేరుదామంటే కుదరదు, ట్యాంకుల్లో గాలి నిండాలి. గాలి ఒత్తిడి చూపే ముల్లు 60 పీఎస్ఐ దగ్గరికి వచ్చేదాకా బజరు చెవులు చిల్లులు పడేలా మోగుతుంది, 100 దాటాక గానీ బండి మాట వినదు. పార్కింగ్ బ్రేకును బిగించి ఉంచేది గట్టి స్ప్రింగు, దాన్ని వదిలించేది గాలి. కాబట్టి గాలి పోతే లారీ ఉన్నచోటే బిగుసుకుపోతుంది. జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1869లో రైళ్ల కోసం ఎయిర్ బ్రేకుకు పేటెంట్ తీసుకున్నప్పుడు అతనికి 22 ఏళ్లు. గొట్టం తెగినా బ్రేకు దానంతటదే పడే ఏర్పాటు కూడా తర్వాత అతనే చేశాడు. ఎంత దూరాలోచన! మనుషుల్లో ఈ ఏర్పాటు లేదు. నలుగురిలో గాలి తీసేసినా ఆగకుండా మాట్లాడుతూ పోయేవాళ్లని నేను ఎరుగుదును. వాళ్లలో కొందరికి నేనే సమన్వయం చేశాను.

ఇందులో ఇంకో మెలిక ఉంది. పెడల్ తొక్కాక గాలి గొట్టాల్లోంచి చక్రం దాకా వెళ్లాలి కదా, దానికి అటూ ఇటూగా అరసెకను పడుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఆ అరసెకనులో బండి 11 మీటర్లు పోతుంది, అదీ బ్రేకు ఇంకా పడకముందే. లారీ ముందు సందు దొరికింది కదా అని కారుతో దూరిపోయిన రోజులన్నీ గుర్తొచ్చాయి. ఆ సందు నా కోసం వదిలింది కాదని, అది ఆ లారీ డ్రైవర్ తన ప్రాణానికీ నా ప్రాణానికీ కలిపి ఉంచుకున్నదని అప్పుడు తెలిసింది. హారన్ కూడా కొట్టాను అప్పట్లో. అదీ ఈ క్షమాపణలో చేర్చుకోగలరు.

గేర్ల గురించి క్లుప్తంగా చెబుతాను, ఎక్కువ చెబితే కన్నీళ్లొస్తాయి. నేను నేర్చుకున్న పాత బండికి పది గేర్లు, ప్రతి గేరుకూ క్లచ్ రెండుసార్లు తొక్కాలి. ఒకసారి న్యూట్రల్‌లోకి రావడానికి, ఇంకోసారి గేరులోకి వెళ్లడానికి. ఈ మధ్యలో ఇంజన్ వేగమూ గేర్ల వేగమూ కలవాలి, కలవకపోతే బండి పళ్లు కొరుకుతుంది. కొత్త బండ్లలో చాలావాటికి ఇదంతా యంత్రమే చూసుకుంటుంది. మరి నాకెందుకు గురువు గారూ అంటే, "బాబాయ్, ముందు కష్టం తెలియాలి" అన్నాడు. ఈ మాట నేను ఎంతమంది కుర్రాళ్లకు చెప్పానో!

అసలు ఘట్టం రివర్స్.

ట్రైలర్‌ను వెనక్కి నెట్టడమంటే ఎడ్డెమంటే తెడ్డెమనే చుట్టంతో కాపురం చేయడం. స్టీరింగ్ ఎడమకు తిప్పితే ట్రైలర్ తోక కుడికి పోతుంది, కుడికి తిప్పితే ఎడమకు. సరిదిద్దబోతే ఇంకా వంకర పోతుంది. ఇంకాస్త ఉత్సాహం చూపిస్తే ముందు భాగమూ వెనక భాగమూ మడతకత్తిలా ముడుచుకుంటాయి. గురువు ఒక చిట్కా చెప్పాడు. స్టీరింగ్‌ను కింది అంచు దగ్గర పట్టుకోవాలట, తోక ఎటు పోవాలో చేతిని అటు జరపాలట. అదీ పిసరంత. జరిపాక ఆగాలి. ట్రైలర్‌కు ఆ వార్త చేరడానికి కొంత టైమ్ పడుతుంది.

ఆ ఆగడం నా వల్ల కాలేదు. ముప్పై ఏళ్లుగా ఒక ఆదేశం ఇచ్చి, అది అమలయ్యేలోపే ఇంకో ఆదేశం ఇచ్చే అలవాటు నాది. మొదటి వారం నేను పడగొట్టిన కోన్ల లెక్క గురువు గోడ మీద గీతలు గీసి పెట్టాడు. చూడ్డానికి జైలు గోడలా ఉండేది. ఎనిమిదో రోజు, తోక ఎక్కడుందో తెలియక అద్దంలోకి చూస్తూ చెమటలు పోసుకుంటుంటే కిటికీ దగ్గరికి వచ్చి, "తెలియకపోతే దిగి చూడు బాబాయ్" అన్నాడు.

దిగి చూడటం! నేను దారి తప్పినా ఎవరినీ అడగకుండా గంటసేపు తిరిగే రకం. దిగితే ఓడిపోయినట్టు కదా? కానీ దిగాను. మోకాళ్లు కలుక్కుమన్నాయి. వెనక్కి నడిచి చూస్తే కోన్‌కూ బంపర్‌కూ మధ్య జానెడు జాగా ఉంది. మళ్లీ ఎక్కాను. ఆ రోజు పదకొండుసార్లు దిగాను, పదకొండుసార్లు ఎక్కాను. బండి గీతల మధ్యకు వచ్చి నిలబడింది. దేశాన్ని ఏసీ గదిలోంచి వెనక్కో ముందుకో నడిపేవాళ్లందరికీ వారానికోరోజు ఈ క్లాసు పెట్టాలని ప్రభుత్వాలకు నా వినతి. మోకాళ్ల డాక్టరు ఖర్చు వాళ్లే పెట్టుకోవాలి.

మొదటిసారి పరీక్షలో నాలుగు నిమిషాల్లో తప్పాను. బండిని ట్రైలర్‌కు తగిలించాను, 'టక్' మని వినిపించింది, తగులుకుందని చెప్పాను. కిందికి వంగి, ట్రైలర్ అడుగున ఉండే కింగ్ పిన్ అనే లావు ఇనుప మేకు చుట్టూ బండి కొక్కెం దవడలు మూసుకున్నాయో లేదో టార్చి వేసి చూడాలి. తర్వాత మెల్లగా ముందుకు లాగి, పట్టు ఉందో లేదో చూసుకోవాలి. నేను చూడలేదు. పరీక్ష పెట్టినాయన "మీరు చూశారా?" అని అడిగాడు. "శబ్దం వచ్చింది కదండీ" అన్నాను. శబ్దం వచ్చిందంటే పని అయినట్టే అన్నది మా ఆఫీసు సిద్ధాంతం. అక్కడ దానికి ప్రమోషన్లు కూడా ఇచ్చారు.

ఈ వయసులో ఇదేం పిచ్చని ఇంట్లో అన్నారు. అప్పుడు క్లెస్సీ కమిన్స్ కథ చెప్పాను. ఆ డీజిల్ ఇంజన్ల పెద్దమనిషి 1931లో కాలిఫోర్నియాలోని కాహోన్ కనుమ దిగుతుంటే బ్రేకులు పట్టలేదు. ఎదురుగా రైలు దాటుతోంది, వెంట్రుకవాసిలో బయటపడ్డాడు. ఆ భయం ఆయన్ని వదల్లేదు. రిటైరయ్యాక కూర్చుని, ఇంజనే బండిని పట్టి ఆపే ఏర్పాటు తయారుచేశాడు. అది 1961లో అమ్మకానికి వచ్చేనాటికి ఆయనకు 72. "ఆయన కనిపెట్టాడు, మీరు కోన్లు పడగొడుతున్నారు" అని మా ఆవిడ తేడా చెప్పింది. తేడా సరైనదే.

రెండోసారి పాసయ్యాను. కిందికి రెండుసార్లు దూరి చూశాను, చొక్కాకు గ్రీజు అంటింది. ఆ చొక్కా ఉతకనివ్వలేదు.

మొన్న పక్కింటాయన కొడుకుని తీసుకొచ్చాడు. చేతిలో మార్కుల కాగితం. నాకు లైసెన్సు వచ్చిన సంగతి ఆయనకు ఇంకా తెలియదు. "వీడికి మీరే కాస్త భయం చెప్పాలండీ. ఇలాగే చదివితే లారీ డ్రైవర్ అవుతాడని చెప్పండి" అన్నాడు.

కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాను. లెక్కల్లో ముప్పై ఆరు, ఫిజిక్స్‌లో నలభై ఒకటి.

"ఈ మార్కులతోనా? కష్టమండీ" అన్నాను.