సెల్ఫీ కెమెరా గారికి డ్రాయింగు మాస్టారి విన్నపం

మహారాజశ్రీ సెల్ఫీ కెమెరా గారి దివ్యసముఖమునకు,

డ్రాయింగు మాస్టారు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేము క్షేమం. మీరు మా ఆవకాయ జాడీకి జారగిలబడి క్షేమంగానే ఉన్నారని ఎదురుగా కనిపిస్తూనే ఉంది.

మన పరిచయం 2020 లాక్‌డౌన్ నాటిది. బడి మూసేశారు. లెక్కలకీ సైన్సుకీ ఆన్‌లైన్ పీరియడ్లు పంచగా మిగిలినదొకటి నాకు పడేశారు. (బళ్ళో మాత్రం ఏం వెలిగిందిలెండి. పరీక్షల ముందు లెక్కల మాస్టారు అప్పుగా పట్టుకెళ్ళేది నా పీరియడే. ఒక్కటీ తిరిగి రాలేదు.) బడులు తెరిచినా మీరు నన్ను వదల్లేదు. ఇప్పుడు ఆదివారం ఉదయం ఏడింటికి అనకాపల్లి, ఖమ్మం పిల్లలతో పాటు డల్లాస్ పిల్లలూ వస్తారు. వాళ్ళకింకా శనివారం రాత్రే. ఆవలిస్తూ పెన్సిల్ చెక్కుకుంటారు.

అయ్యా, మీకు మొహాల పిచ్చి. నాకు కావలసింది చెయ్యి. పెన్సిల్ ఎక్కడ పట్టుకున్నారు, మణికట్టు తిప్పుతున్నారా, భుజం నుంచి గీస్తున్నారా అన్నది చూడాలి. మీరు చూపించేది పన్నెండు నుదుళ్ళు, ఒక సీలింగు ఫ్యాను. అంతా అయ్యాక బొమ్మ తెచ్చి మీ ముందు పెడతారు. అన్నం మాడ్చి తెచ్చి, మంట ఎక్కువైందా అని అడిగినట్టు. బళ్ళో అయితే వెనక నిలబడేవాణ్ణి. కాగితం తిరగేసి వేలితో తడిమితే చాలు, ఎవడెంత నొక్కాడో తెలిసిపోయేది. గట్టిగా గీస్తే వెనకవైపు గీత ఉబ్బి వేలికి తగులుతుంది. మీకు వేళ్ళు లేవు, మీ తప్పు కాదు.

తెల్ల కాగితం చూస్తే మీకు కళ్ళు జిగేల్‌మంటాయి కాబోలు, వెంటనే వెలుగు తగ్గించేస్తారు. డ్రాయింగు షీటు మాసిన పంచెలా తయారవుతుంది. పిల్లాడు హెచ్‌బీ పెన్సిల్‌తో మెల్లగా వేసిన షేడు అందులో కలిసిపోతుంది. నేను "ఇంకా ముదురు" అంటాను. వాడు ఇంకా నల్లగా గీసే 6బి పెన్సిల్ తీస్తాడు. తర్వాత చూస్తే జామకాయకు మసి పూసినట్టుంది. వాళ్ళమ్మగారు సాయం చేద్దామని బొమ్మను స్కానింగు యాప్‌లో పెట్టి పంపారు. కాగితం పాలలా తెల్లబడింది. దాంతోపాటు రెండు గంటల షేడింగూ తెల్లబడింది.

ఇవన్నీ ఓర్చుకున్నాను. చెంబు సంగతే ఓర్చుకోలేను.

చెంబు మూతి గుండ్రమే అయినా, ఎదురుగా కూర్చుంటే చపటగా కనబడుతుంది. కంటి మట్టానికి ఎంత కిందికి దిగితే అంత విప్పారుతుంది. ఇది కంటికి పట్టిందంటే డ్రాయింగులో సగం చదువు అయినట్టే. ఒక పాప గీసి చూపించింది. కాగితం పైఅంచు వెనక్కి వాల్చి పట్టుకుంది. వాల్చితే గుడ్డులా గీసిన మూతి కాస్తా గీతవుతుంది కదా. "మూతి నొక్కుకుపోయిందమ్మా, విప్పు" అన్నాను. చెరిపింది, విప్పింది. మళ్ళీ చూపించింది. మళ్ళీ విప్పమన్నాను. నాలుగోసారికి కాగితం చిరిగేలా ఉంది. సాయంత్రం పైనుంచి తిన్నగా తీసిన ఫోటో వచ్చింది. చెంబు మూతి అట్లపెనమంత ఉంది. "ముందు గీసిందే బాగుందండి మాస్టారూ, మీరే చెరపమన్నారు" అంది పాప. తలెత్తుకోలేకపోయాను. ఎత్తినా మీరు చూపించేది నుదురే.

నిజం చెప్పాలంటే ఒక లాభం లేకపోలేదు. బళ్ళో మధ్యలో ఒకే చెంబు పెట్టేవాణ్ణి. వెనక బెంచీ వాళ్ళు చెంబును కాదు, ముందు బెంచీ వాడి కాగితాన్ని చూసి గీసేవాళ్ళు. ఇప్పుడు ఎవరింటి చెంబు వాళ్ళది. ఒకటి సొట్టది, ఒకటి పూజ గదిలోంచి పసుపుతో సహా వచ్చింది. డల్లాస్ పిల్లవాడు కాఫీ మగ్గు పెట్టుకుని, "ఇది మా చెంబు" అన్నాడు. సొట్టతో సహా గీశారు. ఆ ఘనత మాత్రం మీది కాదు, దూరానిది.

కావున తమరు దయతో మొహాల మీంచి చూపు తిప్పి, కాస్త కిందికి, బల్ల మీదికి చూడవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
మీ ఎదుట ప్రతి ఆదివారం నుదురుగా మిగిలే
డ్రాయింగు మాస్టారు

తా.క.: కొత్తావకాయ కలిపారు. జాడీ తిరిగి వంటింట్లోకి వెళ్తోంది. వచ్చే ఆదివారానికి ఆనుకోవడానికి మీరే ఏదో ఒకటి చూసుకోండి.